మూడు డజన్ల మేధావులు

మా కాలేజీలో ఈ ఏడు 36 మంది పరిశోధకులు పుట్టారు. సరిగ్గా 36 మందే ఎందుకని మీరడగొచ్చు. విజయవాడలో మెమెంటోలమ్మే హోల్‌సేల్ షాపతను డజన్ల లెక్కన ఇస్తాడు. మూడు డజన్లు తీసుకుంటే రేటు తగ్గిస్తానన్నాడు. మా కరస్పాండెంట్ గారు బేరం తగిలితే వదిలే మనిషి కాదు. అలా 36 మెమెంటోలు అట్టపెట్టెల్లో దిగాయి. దిగిన మర్నాడు, వాటికి సరిపడా మేధావుల్ని వెతికి పట్టుకురమ్మని ఒక కమిటీ వేశారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు నవ్విపోయారు గానీ, మా దగ్గర సోమలింగానికి శాలువా కూడా కొనేశారు.

ఆ కమిటీలో నేనొకణ్ణి. నాది హెచ్ అండ్ ఎస్ డిపార్ట్‌మెంటు. ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ, ఇంగ్లీషు చెప్పేవాళ్లందర్నీ ఒకే గాటన కట్టేస్తే దాన్ని హెచ్ అండ్ ఎస్ అంటారు. ఫస్టియర్ అయిపోగానే పిల్లలు మమ్మల్ని మరిచిపోతారు, యాజమాన్యం మాత్రం మరవదు. యాంటీ ర్యాగింగ్ కమిటీ, క్యాంటీన్ కమిటీ, పార్కింగ్ కమిటీ, మొక్కలు నాటే కమిటీ అన్నిట్లోనూ మేమే. ‘మీకు క్లాసులు తక్కువే కదా మాస్టారూ’ అంటారు. నిజమే. కెమిస్ట్రీ సిలబస్ తగ్గుతూ వస్తోంది, నా కమిటీలు పెరుగుతూ వస్తున్నాయి. ఈ లెక్కన రిటైరయ్యేనాటికి పూర్తికాలపు కమిటీ మెంబర్ని అవుతాను.

అసలీ హడావుడంతా నాక్ కోసం. బయటివాళ్లకు తెలియకపోవచ్చు కాబట్టి చెప్తాను. కాలేజీలకు గ్రేడులివ్వడానికి 1994లో యూజీసీ పెట్టిన సంస్థ అది. మొత్తం ఏడు క్రైటీరియాలు, మూడోది పరిశోధన. 4కి 3.51కి తగ్గకుండా వస్తే ఏ డబుల్ ప్లస్. ఆ గ్రేడు వస్తే హైవే మీద హోర్డింగు, హోర్డింగు వస్తే అడ్మిషన్లు. ఇప్పుడు మా గొడ్డుకు మూడో కాలు కుంటి. లైబ్రరీ ఉంది, గ్రౌండు ఉంది, వర్షపు నీటి గుంత కూడా ఉంది, పరిశోధన ఒక్కటే లేదు. కాలేజీలో నాణ్యత చూసే విభాగం ఐక్యూఏసీ. దాని కోఆర్డినేటర్ గారు మీటింగులో తేల్చి చెప్పారు: ‘లేకపోవడం సమస్య కాదండీ, ఎవిడెన్స్ లేకపోవడం సమస్య.’ నాక్ భాషలో ఏదైనా అప్‌లోడ్ చేసిన రోజునే పుట్టినట్టు. పీడీఎఫ్ లేనిది ప్రాణమున్నా ప్రాణం లేనిదే.

ఈ పరీక్షలు పెట్టేవాళ్ల మీద కూడా నాకేమీ భ్రమల్లేవు లెండి. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలో ఒక విద్యాసంస్థ నాక్ తనిఖీ వ్యవహారంలో సీబీఐ 10 మందిని అరెస్టు చేసింది. మంచి గ్రేడు కోసం నగదు, బంగారం, ఫోన్లు, లాప్‌టాప్‌లు చేతులు మారాయన్నది ఆరోపణ. కేసు సంగతి కోర్టు చూసుకుంటుంది. ఆ వార్త చదివి మా కరస్పాండెంట్ గారు ఒక్కటే అన్నారు: ‘చూశారా, మనం ఎంత పద్ధతిగా ఉన్నామో. మెమెంటోలతో సరిపెడుతున్నాం.’

పోటీకి నోటీసు పెట్టాం. వారం తిరక్కుండా 140 ప్రాజెక్టులు వచ్చిపడ్డాయి. వాటిలో 11 స్మార్ట్ డస్ట్‌బిన్‌లు. చెయ్యి దగ్గరికి పెడితే మూత తెరుచుకుంటుంది. ఒక ఆర్డినో బోర్డు, ఒక అల్ట్రాసోనిక్ సెన్సర్, ఒక సర్వో మోటారు, ఒక ప్లాస్టిక్ డబ్బా. చెత్తబుట్ట మూత తెరవడం మీద మా కాలేజీలో జరిగినంత పరిశోధన భూమ్మీద ఇంకెక్కడా జరిగి ఉండదు. పదకొండు బ్యాచ్‌లూ పీపీటీలో స్వచ్ఛ భారత్ స్లైడుతోనే మొదలుపెట్టాయి. డెమో అయ్యాక టీ తాగిన పేపరు కప్పులు ఎక్కడ పడేయాలని అడిగితే, పదకొండు బ్యాచ్‌లూ కిటికీ చూపించాయి. వాళ్ల డబ్బాల్లో వేయొద్దట, సెన్సర్ తడుస్తుందట.

తర్వాతి స్థానం ముఖం చూసి హాజరు వేసుకునే యంత్రాలది. అవి ఆరు. ఆరింటి సృష్టికర్తల హాజరూ 65 శాతం లోపే. ఆ యంత్రం గనక కాలేజీలో పెడితే మొదట డిటెయిన్ అయ్యేది దాన్ని చేసినవాళ్లే. త్యాగమంటే ఇదీ అనుకున్నాను.

ఒకబ్బాయి పంటల సలహా ప్రాజెక్టు తెచ్చాడు. నేల వివరాలిస్తే ఏ పంట వేయాలో మెషిన్ లెర్నింగ్ చెబుతుంది. ఖచ్చితత్వం 99.2 శాతం. వాళ్ల నాన్న మా ఊరి పక్కనే కంది, పొగాకు వేసే రైతు, నాకు ముఖపరిచయం. ‘ఏరా, మీ నాన్నకేం వేయమని చెప్పింది?’ అన్నాను. వాడు నిజాయితీపరుడు. ‘మా చేను డేటాసెట్‌లో లేదు సార్’ అన్నాడు. డేటాసెట్ ఎక్కడిదంటే నెట్‌లో దొరికిందట. ‘పోనీ మీ నాన్ననే అడిగి రాసుకొచ్చి ఉంటే?’ అన్నాను. ‘ఆయన ఎక్సెల్‌లో చెప్పడు కదా సార్’ అన్నాడు. ఆ ఒక్క జవాబుకు నేనైతే ఒక మెమెంటో ఇచ్చేవాణ్ణి.

ఈ ప్రాజెక్టులన్నీ వీళ్లు చేసినవేనా అని అమాయకంగా అడక్కండి. హైదరాబాద్ అమీర్‌పేట మైత్రీవనం పరిసరాల్లో నడిచిన ప్రతివాడికీ ఈ వ్యాపారం తెలుసు. చేతిలో కరపత్రం పెట్టి మరీ పిలుస్తారు. టైటిల్ లిస్టు చూపిస్తారు, బేస్ పేపర్ ఇస్తారు, ఎగ్జిక్యూషన్ చేసి చూపిస్తారు, వైవాలో ఏమడుగుతారో, ఏం చెప్పాలో బట్టీ పట్టిస్తారు, డాక్యుమెంటేషన్ బ్లాక్ బైండింగు మీద బంగారు అక్షరాలు కొట్టించి ఇస్తారు. టైలరు దగ్గర చొక్కా కుట్టించుకుంటే కనీసం కొలతలైనా తీసుకుంటాడు. ఇక్కడ అదీ లేదు. ఒకే చొక్కా నాలుగు జిల్లాల పిల్లలు వేసుకుంటారు. మా దగ్గరికొచ్చిన ఒక రిపోర్టులో కృతజ్ఞతల పేజీలో వేరే కాలేజీ ప్రిన్సిపాల్‌కు ధన్యవాదాలు ఉన్నాయి. ఆ బ్యాచ్‌ను నిలదీస్తే, ‘అది ఇంటర్ కాలేజియేట్ కొలాబరేషన్ సార్’ అని వాళ్ల గైడే సర్దిచెప్పాడు. కోఆర్డినేటర్ గారి కళ్లు మెరిశాయి. కొలాబరేషన్‌కు నాక్‌లో వేరే మార్కులున్నాయి.

ప్రాజెక్టు ఉంటే చాలదు, పబ్లికేషన్ కావాలన్నారు. అదీ కష్టం కాదు. మీరు టీచరైతే మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది ఆ మెసేజి: పేపర్లు ఆహ్వానిస్తున్నాం, 24 గంటల్లో సమీక్ష, 48 గంటల్లో ప్రచురణ, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7.8, ఫీజు ఫోన్‌పే చేయండి, సర్టిఫికెట్ కొరియర్లో కావాలంటే అదనం. జర్నల్ పేరులో ‘అంతర్జాతీయ’ తప్పనిసరి, ఆఫీసు మాత్రం ఏదో సందులో జిరాక్సు షాపు పైన. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎవరిచ్చారంటే, వాళ్లకు వాళ్లే. పెళ్లిచూపుల్లో అబ్బాయి తన గుణగణాలకు తనే మార్కులేసుకున్నట్టు.

ఇదేదో మన ఒక్కళ్ల ఘనతేనని పొంగిపోనక్కర్లేదు. అమెరికాలో ఎంఐటీ కుర్రాళ్లు ముగ్గురు 2005లో ఒక కంప్యూటర్ ప్రోగ్రాం రాశారు. మీట నొక్కితే అర్థంపర్థం లేని పరిశోధన పత్రం గ్రాఫులతో సహా తయారవుతుంది. దాన్నొక సదస్సుకు పంపితే రారమ్మని ఆహ్వానించారు. 2013లో బొహానన్ అనే సైన్స్ విలేఖరి హైస్కూలు కెమిస్ట్రీ దాటినవాడెవడైనా పట్టుకోగల తప్పులతో ఒక పేపరల్లి 304 జర్నళ్లకు పంపాడు. 157 ఒప్పేసుకున్నాయి. ఈ రంగంలో మన హైదరాబాద్ కీర్తి కూడా తక్కువది కాదు. ఇక్కడ పుట్టిన ఒక జర్నళ్ల సంస్థ పరిశోధకుల్ని మోసపుచ్చిందని అమెరికా కోర్టు 2019లో 5 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమంది. ఐటీ ఎగుమతుల్లో దీన్ని కలిపారో లేదో తెలియదు.

మంచి జర్నళ్లేవో తేల్చడానికి యూజీసీ 2018లో కేర్ అని ఒక జాబితా పెట్టింది. 2025లో ఎత్తేసింది. ఇకమీదట ఏది మంచిదో, ఏది కాదో కాలేజీలే చూసుకోవాలంది. దొంగ చేతికి తాళంచెవి ఇవ్వడమంటారే, ఆ తాళంచెవికి మా దగ్గర కమిటీ కూడా ఉంది. దాంట్లో కూడా నేనున్నాను.

పేపర్లు చదవాల్సిన పని నాదే అయింది. చదివేకొద్దీ ఒంట్లో వణుకు. ఒకదాంట్లో ‘నకిలీ స్పృహ’ సాయంతో రోగాలు కనిపెడతామని ఉంది. ఏ స్వామీజీ వ్యవహారమో అనుకున్నాను. కాదు, కృత్రిమ మేధ. ఇంకో చోట ‘రొమ్ము అపాయం’ అని ఉంది. అది రొమ్ము క్యాన్సర్. బిగ్ డేటా కాస్తా ‘భారీకాయ సమాచారం’ అయింది. దొంగతనం పట్టే సాఫ్ట్‌వేర్‌కు దొరక్కుండా ఉండడానికి ఇంగ్లీషు మాటలకు ఇంగ్లీషులోనే పర్యాయపదాలు వేసే యంత్రంలో పేపరును ఒక తిప్పు తిప్పుతారు. అది రుబ్బురోలు లాంటిది, పప్పూ రాయీ తేడా తెలియదు. ఈ వికారాలను ఫ్రాన్సు, రష్యా పరిశోధకులు కొందరు ఏరి, 2021లో ‘చిత్రహింస పడిన పదబంధాలు’ అని పేరు పెట్టారు. వేల పేపర్లలో దొరికాయట. మా వాళ్లవి వాళ్ల కంట పడలేదు. చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కదా.

ఇదంతా ఆ 10 శాతం కోసం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. అందుకని మా దగ్గర ప్రతి రిపోర్టూ 9 శాతం. 140 ప్రాజెక్టులు, 40 మంది గైడ్లు, నాలుగు బ్రాంచీలు, అందరికీ 9. ఆవు పాలిచ్చినా గేదె పాలిచ్చినా కేంద్రంలో వెన్న శాతం ఒకటే పడినట్టు.

ఒక్కటి తప్ప. దానికి 2 శాతం వచ్చింది. సాఫ్ట్‌వేర్ చెడిపోయిందనుకుని కోఆర్డినేటర్ గారు రెండోసారి పెట్టించారు. మళ్లీ 2. ‘ఎక్కడో ఏదో మతలబుంది మాస్టారూ, మీరోసారి చూడండి’ అని ఆ ఫైలు నాకు తోశారు.

సివిల్ సెకండియర్ అమ్మాయిది. హాస్టల్లో ఉంటుంది. శీర్షిక: హాస్టల్ తాగునీటి నాణ్యత, 60 రోజుల పరిశీలన. బ్లాక్ బైండింగు లేదు, బంగారు అక్షరాలు లేవు. టైపు చేసిన 14 పేజీలు, వెనకాల దారంతో కుట్టిన ఒక లాంగ్ నోట్‌బుక్కు. ఫస్టియర్‌లో నేను చెప్పిన ప్రయోగమే చేసింది. నీళ్ల కఠినత్వం కనుక్కోవడం. నమూనా కోనికల్ ఫ్లాస్క్‌లో పోసి, ముక్కు పగిలే అమ్మోనియా బఫర్ కలిపి, రెండు చుక్కల ఇండికేటర్ వేసి, బ్యూరెట్‌లోంచి ఈడీటీఏ చుక్కచుక్కగా వదిలితే, ద్రాక్షసారా రంగు నీలంలోకి తిరుగుతుంది. ఏటా 240 మంది చేత చేయిస్తాను. ఏటా 240 మందీ పక్కవాడి రీడింగు రాసుకుంటారు. 18 ఏళ్లలో, ఆ ప్రయోగం నీళ్ల గురించి చెబుతుందని గ్రహించిన మనిషిని మొదటిసారి చూశాను.

రోజూ పొద్దున్న ఆరింటికి మూడు సీసాలు పట్టింది. ఒకటి బోరు దగ్గర, ఒకటి ఆర్వో ప్లాంటు నుంచి బయటికొచ్చే పైపు దగ్గర, ఒకటి హాస్టల్ కొళాయి దగ్గర. జేబు డబ్బుతో టీడీఎస్ మీటరు కొనుక్కుంది. మొదటి రోజు బోరు నీళ్ల కఠినత్వం లీటరుకు 612 మిల్లీగ్రాములు, ఆర్వో నీళ్లది 608. తనే తప్పు చేశాననుకుని మూడు సార్లు చేసింది. ఆ మూడూ కొట్టేయకుండా నోట్‌బుక్కులో ఉన్నాయి, పక్కన పెన్సిలుతో ‘బ్యూరెట్ కడిగాను, మళ్లీ అంతే’ అని. ఆ పెన్సిలు గీత చూసి నాకు సిగ్గేసింది. 18 ఏళ్లుగా నా లాబ్ రికార్డుల్లో ఒక్క కొట్టివేత ఉంటే మార్కులు తగ్గిస్తున్నవాణ్ణి.

తాగే నీళ్లలో కఠినత్వం 200 దాటకూడదు, వేరే దారి లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చని భారతీయ ప్రమాణం. ఆర్వో ప్లాంటు పనిచేస్తుంటే ఆ లెక్క ఎంతో కిందికి పడిపోవాలి. పడలేదు. ఎందుకు పడలేదో తెలుసుకోవాలని 23వ రోజున ఆ అమ్మాయి ప్లాంటు గదిలోకి వెళ్లి పైపుల వెంట వేలు పెట్టి నడిచింది. నోట్‌బుక్కులో బొమ్మ ఉంది. మెంబ్రేన్ రెండు మూడేళ్లకోసారి మార్చాలి. దాని మీదున్న తేదీ ప్లాంటు ప్రారంభోత్సవం నాటిది. అది మూసుకుపోయి నీళ్లు సన్నగా రావడంతో ఎవరో మహానుభావుడు బైపాస్ వాల్వు తిప్పి వెళ్లాడు. అప్పట్నుంచీ బోరు నీళ్లు ఒక గోడలోంచి వచ్చి, ప్లాంటును పలకరించి, ఇంకో గోడలోంచి హాస్టలుకు వెళుతున్నాయి. మధ్యలో కరెంటు ఖర్చవుతోంది, పచ్చలైటు వెలుగుతోంది.

చివర్లో ఫ్లోరైడు కూడా చూసింది. ఊళ్లో నీళ్ల పరీక్షలకు వాడే కిట్టు అడిగి తెచ్చుకుంది. గులాబీ రంగు పసుపుకు తిరిగేకొద్దీ ఫ్లోరైడు ఎక్కువని లెక్క. గరిష్ట పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఆమె సీసాలు రెండుకీ మూడుకీ మధ్య తేలాయి. ‘కిట్టు అంచనాయే ఇస్తుంది, లాబ్‌లో సరిచూడాలి’ అని కింద రాసింది. 99.2 శాతాల మధ్య ‘సరిచూడాలి’ అన్న మాట చూసి ఎన్నాళ్లయిందో!

మా ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. దేశంలో ఫ్లోరోసిస్ గురించి వైద్యులు మొదట రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లా పల్లెల గురించి. ఇప్పుడు ప్రకాశం అంటున్న మెట్ట ప్రాంతంలో చాలాభాగం ఆ రోజుల్లో ఆ జిల్లాలోదే. పళ్లమీద గార, వంగని వెన్ను, నలభై ఏళ్లకే చేతికర్ర. ఇక్కడి పిల్లకు లిటరేచర్ సర్వే అక్కర్లేదు, వాళ్ల తాత నడక చూస్తే చాలు.

ఫైలు కమిటీ ముందు పెట్టాను. ఐదుగురం కూర్చున్నాం.

‘ఇందులో నావెల్టీ ఏముందండీ?’ అన్నారు సీఎస్ఈ హెచ్‌వోడీ. స్మార్ట్ డస్ట్‌బిన్‌లు నాలుగు ఆయన గైడెన్సులోవే.

‘ఏఐ వాడలేదు’ అన్నారు ఈసీఈ వారు.

‘వాడొచ్చు కదమ్మా’ అని కోఆర్డినేటర్ గారు ఆ అమ్మాయిని లోపలికి పిలిచి ఎంతో వాత్సల్యంగా చెప్పారు. ‘నీళ్లు బాగున్నాయా లేదా అని మెషిన్ లెర్నింగ్‌తో ప్రెడిక్ట్ చేయి. అప్పుడు నీళ్లు పట్టే పనే ఉండదు.’

‘బాగాలేవని తెలిసిపోయింది కదా సార్’ అందా అమ్మాయి.

గదిలో ఫ్యాను చప్పుడు వినపడింది. ఈ లోపు ప్రిన్సిపాల్ గారికి అసలు ప్రమాదం తట్టింది. ఈ రిపోర్టుకు అవార్డిస్తే అది అప్‌లోడ్ అవుతుంది. అప్‌లోడ్ అయితే మూడో క్రైటీరియన్‌లో పరిశోధన వస్తుంది గానీ, నాలుగో క్రైటీరియన్‌లో ‘విద్యార్థులకు శుద్ధమైన తాగునీరు’ అని మేం రాసిన వాక్యం మునిగిపోతుంది. ఒక క్రైటీరియన్ కోసం ఇంకో క్రైటీరియన్‌ను బలివ్వడం ధర్మం కాదన్నారు. రిపోర్టు ‘పరిశీలనలో ఉంది’ అని మినిట్స్‌లో రాశారు. కింద ఐదు సంతకాలు. నాలుగోది నాది. బ్లూ ఇంకు.

సభ ఫిబ్రవరి 28న పెట్టారు, జాతీయ సైన్సు దినోత్సవం. 1928లో అదే రోజు రామన్ కాంతి చెదరడంలోని గుట్టు బయటపెట్టాడు. ఆయన వాడిన పరికరాల ఖరీదు 200 రూపాయలని చెబుతారు. మా ముఖ్య అతిథికి కప్పిన శాలువా అంతకంటే ఖరీదైంది. ఆ మాటకొస్తే అంతకంటే చాలా ఎక్కువ కాంతిని చెదరగొట్టింది కూడా. జరీ.

వేదిక, యల్లాప్రగడ సుబ్బారావు సెమినార్ హాలు. ఆయన పటం ద్వారం మీదే ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి. ఖద్దరు కట్టాడని తెల్లదొర ప్రొఫెసరుకు కోపం వచ్చి, మద్రాసు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ డిగ్రీతో పంపేశారు. హార్వర్డ్‌లో పనిచేశాడు, అక్కడా ఉద్యోగం ఖాయం చేయలేదు. ఫోలిక్ యాసిడ్ మీదా, క్యాన్సర్ మందుల మీదా, యాంటీబయాటిక్‌ల మీదా ఆయన జట్టు చేసిన పని కోట్లమందిని బతికించింది. నోబెల్ రాలేదు. అవార్డుల్లేని మనిషి పటం కిందే మా అవార్డులన్నీ జరుగుతాయి. బతికుండి మా కమిటీ ముందుకొచ్చి ఉంటే, ఆయన్ని మొదటి రౌండులోనే పక్కన పెట్టేవాళ్లం. జియోట్యాగ్ ఫొటోలు ఒక్కటీ లేవు.

జియోట్యాగ్ అంటే తెలుసుగా? ఫొటో మీద అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము పడాలి. లేకపోతే చెల్లదు. అందుకని మెమెంటో అందుకోగానే ప్రతి మేధావీ ఆరు సెకన్లు బిగుసుకుని నిలబడాలి, ఫోన్‌లో లొకేషన్ దొరికేదాకా. హాల్లో సిగ్నల్ తక్కువ. 17వ మేధావికి సిగ్నల్ పోయి, ఫొటోలో అవార్డు బంగాళాఖాతంలో ఇచ్చినట్టు పడింది. మళ్లీ పిలిచి, మళ్లీ ఇచ్చారు.

36 మెమెంటోలకు 36 పేర్లు కావాలి గనక ఉత్తమ పరిశోధక, ఉత్తమ యువ పరిశోధక, ఉత్తమ ఉదయోన్ముఖ పరిశోధక, ఉత్తమ ఉదయోన్ముఖ యువ పరిశోధక అని విడదీస్తూ పోయాం. సంధులు, సమాసాలు పనికొచ్చిన సందర్భం నా సర్వీసులో ఇదొక్కటే. కరస్పాండెంట్ గారి మేనల్లుడు ఉత్తమ పరిశోధక. వాడి స్మార్ట్ డస్ట్‌బిన్ వేదిక మీదే పెట్టారు. ముఖ్య అతిథి చెయ్యి చాపితే మూత తెరుచుకుంది. చప్పట్లు. తర్వాత తెరుచుకునే ఉండిపోయింది.

మా సభ అంతర్జాతీయం కూడా. మా పాత విద్యార్థి ఒకడు మెల్‌బోర్న్ నుంచి జూమ్‌లో పది నిమిషాలు మాట్లాడాడు. ఎనిమిది నిమిషాలు మ్యూట్‌లో. ఆ రెండు నిమిషాల్లో పాపం, హాస్టల్ రోజులు గుర్తు చేసుకున్నాడు. ‘ఆ నీళ్ల రుచి ఇక్కడ దొరకదు సార్’ అన్నాడు. అందరూ నవ్వారు. మూడో వరుస చివర కూర్చున్న సివిల్ సెకండియర్ అమ్మాయి నవ్వలేదు. నోట్‌బుక్కు తీసి ఏదో రాసుకుంది. డేటా అనుకుంటా.

వేదిక మీది పెద్దల ముందు సీలు వేసిన నీళ్ల సీసాలు. కాలేజీ ఆర్వో నీళ్లు గాజు గ్లాసుల్లో పెడితే హుందాగా ఉంటుందని అటెండరు తేబోతే, ప్రిన్సిపాల్ గారే పరిగెత్తుకెళ్లి ఆపారు. అంటే రిపోర్టు పరిశీలనలో ఉందన్న మాట అబద్ధం కాదు. ఎవరో ఒకరు శ్రద్ధగానే పరిశీలించారు.

సభయ్యాక లెక్క చూస్తే ఒక మెమెంటో మిగిలింది. ఒక ఉదయోన్ముఖ యువ పరిశోధకుడు రాలేదు, సప్లిమెంటరీ పరీక్ష ఉందట. పేరు స్టిక్కరు పీకేసి వచ్చే ఏడు వాడదామని నా గదిలో పెట్టించారు. అద్దపు పలక, లోపల గ్రహాలు తిరుగుతున్నట్టు ఒక పరమాణువు బొమ్మ. బరువుగా ఉంది. ఫ్యాను గాలికి కాగితాలెగరకుండా సర్టిఫికెట్ల కట్టమీద పెట్టుకున్నాను.

సోమవారం పొద్దున్న ఆ అమ్మాయి వచ్చింది.

‘సార్, ఈడీటీఏ అయిపోయింది. ఇండెంటు పెడతారా?’

‘ఇంకా చేస్తున్నావా అమ్మా?’

‘ఇవాళ 91వ రోజు సార్. వాల్వు ఎవరూ తిప్పలేదు. వేసవిలో బోరు లోపలికి పోతుంది కదా, ఫ్లోరైడు ఎంత పెరుగుతుందో చూద్దామని.’

ఇండెంటు పుస్తకం తీశాను. కెమికల్ పేరు, పరిమాణం, అంచనా ఖర్చు రాశాను. చివరి గడి ‘ప్రయోజనం’. పోయిన నెల అదే గడిలో ‘విద్యార్థి పరిశోధన’ అని రాసిన ఇండెంటు ఇంకా అకౌంట్స్ సెక్షన్లో ఉంది, మూడు ప్రశ్నలతో. కాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయి మెమెంటో కేసి చూస్తోంది.

‘ఇదెవరిది సార్?’

‘ఎవరిదీ కాదు’ అన్నాను.

ప్రయోజనం గడిలో ‘నాక్ పని’ అని రాశాను. మధ్యాహ్నం టీ టైముకు సీసా వచ్చేసింది.